రంగు తాగే లోహం

అల్యూమినియానికి అనోడైజింగ్ చేసేవాళ్ల నేర్పు తీగ కట్టే దగ్గరే తెలిసిపోతుంది. పట్టు వదులైతే కరెంటు అందదు, లోహం మీద ఆక్సైడు పొర ఎదగదు. కాస్టిక్‌లో కడిగిన ముక్కను సల్ఫ్యూరిక్ ఆమ్లం తొట్టిలో దించి పాజిటివ్‌కు కలుపుతారు. ఆమ్లం 20 డిగ్రీల దగ్గరే ఉండాలి; వేడెక్కితే పొర మెత్తబడి పొడిలా రాలుతుంది.

ఈ పొర పైన పూసిన పెయింటు కాదు. లోహమే ఆక్సైడుగా మారి ఎదిగిన చర్మం, అందుకే పెచ్చులూడదు. దాని నిండా కంటికి కనబడని రంధ్రాలు. రంగునీళ్లలో వేస్తే ఎరుపైనా నీలమైనా పీల్చుకుంటుంది. ఎంతసేపు ముంచాలో చెప్పడానికి గడియారం ఉన్నా, నాకు గురి పనివాడి కన్నుమీదే. పాత ముక్కను పక్కన పెట్టి పోల్చి, వెలుతురులో తిప్పి చూసి, ఇంకాసేపు ముంచుతాడు. ఎంత ఓపిక! ఆఖర్న మరిగే నీళ్లలో రంధ్రాలు మూసుకుపోతాయి. అంతవరకు ఒట్టి చేత్తో ముట్టుకోనివ్వడు; వేలిముద్ర పడితే మరక మిగిలిపోతుంది.