బోల్టు కింద రంగు

మొన్న ఆదివారం మా మేనల్లుడు కారులో కొత్తగా పెట్టించిన సౌండ్ సిస్టమ్ వినిపిద్దామని వచ్చాడు. డిక్కీలో 12 అంగుళాల సబ్‌వూఫర్, దాని పక్కన 500 వాట్ల యాంప్లిఫయర్. రెండు నిమిషాలు బాగానే పాడింది. సౌండు పెంచేసరికి డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా ఎవరో గొంతు నొక్కినట్టు పాట ఆగిపోయింది, యాంప్లిఫయర్ మీద ఎర్రలైటు వెలిగింది.

"తీగ చాలట్లేదట మావయ్యా. నాలుగో గేజ్ తీసేసి జీరో గేజ్ వేయించుకోమంటున్నారు షాపువాళ్లు. ఏడు వేలవుతుందట" అన్నాడు.

వాళ్ల మాటే నిజమనిపించింది నాకు. సన్నతీగ మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. గీజరుకి వన్ ఎయిటీన్ తీగ లాగినవాళ్ల గురించీ, ఇన్వర్టర్ తీగల గురించీ వారాల తరబడి రాశాను. నలుగురూ కలిసి వినే పాటకి తీగ దగ్గర పిసినారితనమేమిటని ఇప్పటికీ అంటాను.

గేజ్ లెక్క మాత్రం తికమకది. నెంబరు తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. ఎనిమిదో గేజ్ అంటే 8 చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు, నాలుగంటే 21, జీరో అంటే 53. మన ఎలక్ట్రీషియన్లు త్రీ ట్వంటీ, సెవెన్ ట్వంటీ అనే లెక్క బ్రిటిష్ గేజ్‌ది, కారు కిట్ల మీద అచ్చయ్యేది అమెరికన్ గేజ్. రెంటినీ కలిపితే మునుగుతాం. షాపులో 'ఎన్ని స్క్వేర్ ఎంఎం' అని అడగడమే మేలు.

ఇంట్లో 230 వోల్టుల మీద 500 వాట్ల మిక్సీ తిరగడానికి రెండు ఆంపియర్ల చిల్లర చాలు. కారులో ఉన్నది 12 వోల్టులు, ఇంజను తిరుగుతుంటే ఇంకో రెండు ఎక్కువ. అంత తక్కువ వోల్టుల మీద అవే 500 వాట్లు కావాలంటే, యాంప్లిఫయర్ తానే తినేసేదీ కలుపుకుని 50 ఆంపియర్ల దాకా పారాలి. బ్యాటరీ ముందు, యాంప్లిఫయర్ వెనక, మధ్యలో ఐదు మీటర్ల తీగ. అది 2.5 స్క్వేర్ ఎంఎం అయితే దారిలోనే ఒకటీముప్పావు వోల్టు పోతుంది. పోయినదంతా వేడే. కార్పెట్ కింద ఇంచుమించు 90 వాట్ల బల్బు వెలిగినట్టు. 21 స్క్వేర్ ఎంఎం రాగి అయితే పోయేది వోల్టులో ఐదోవంతే.

నాకీ లెక్క ఏ పుస్తకమూ నేర్పలేదు. మా ఊళ్లో శ్రీరామనవమి పందిరికి మైకుసెట్టు కట్టే బాబాయి ఒకాయన ఉండేవాడు. ఆయన అహూజా యాంప్లిఫయరు మోసుకొస్తే వెనకాల తీగచుట్ట మోసేది నేను. ఒక హారన్ గుడి ముందు వేపచెట్టుకి, రెండోది ఫర్లాంగు అవతల చెరువుగట్టు మీద తాడిచెట్టుకి. అంత దూరానికీ ఆయన లాగేది దీపం వత్తంత సన్నటి మెలిక తీగ. అయినా చెరువు అవతల నాట్లు వేసేవాళ్లకి కల్యాణ మంత్రాలు అక్షరం పొల్లుపోకుండా వినపడేవి. అదే పందిట్లో, కరెంటు పోతే వాడడానికి బల్ల కింద లారీ బ్యాటరీ ఒకటి ఉండేది. దాన్నుంచి యాంప్లిఫయరుకి వెళ్లే తీగ మాత్రం చిటికెనవేలంత లావు, పొడవు చూస్తే రెండడుగులు.

ఫర్లాంగు దూరానికి వత్తంత తీగ, రెండడుగులకి వేలంత తీగ! ఇదేమిటి బాబాయ్ అని అడిగాను. "హారన్లకి పోయే లైను 100 వోల్టులురా, ఇది 12. వాలుంటే పిల్లబోదె చాలు, నీళ్లు ఉరుక్కుంటూ పోతాయి. వాలు లేనిచోట పెద్ద కాలవే తవ్వాలి" అన్నాడు. వోల్టు, ఆంపియరు అన్న మాటలు నాకు ఆ రోజే అర్థమయ్యాయి.

ఆయన చేసే ఇంకో పని మాత్రం అప్పట్లో చాదస్తమనిపించేది. బ్యాటరీకి తీగ బిగించే ముందు ప్రతిసారీ గరుకుకాగితంతో ఆ సీసపు మొలల్ని వెండిలా మెరిసేదాకా రుద్దేవాడు. తరవాత తీగ చివరి రింగునీ రుద్దేవాడు. బిగించి, పైన గ్రీజు పూసేవాడు. పందిట్లో జనం పాట పాట అని కేకలేస్తున్నా ఆ రుద్దుడు ఆపేవాడు కాదు.

ఆదివారం మల్టీమీటరు తీసుకుని డిక్కీ దగ్గర కూర్చున్నాను. ఇంజను ఆన్‌లో ఉంచి, ఫోన్లో 50 హెర్ట్జ్ టోన్ పెట్టమన్నాను. బ్యాటరీ దగ్గర 13.2 వోల్టులు, యాంప్లిఫయర్ దగ్గర 11.2. రెండు వోల్టులు ఎక్కడో పోతున్నాయి. మీటరుకి పొడవాటి తీగ తగిలించి బ్యాటరీ ప్లస్ నుంచి యాంప్లిఫయర్ ప్లస్ దాకా చూస్తే తేడా 0.4. షాపువాళ్లు మార్చమన్న తీగ మింగుతున్నది అంతే. యాంప్లిఫయర్ మైనస్‌కీ కారు బాడీ ఇనుముకీ మధ్య చూస్తే 1.6.

అది అరమీటరు నల్లతీగ. బోల్టు వేలితో తాకితే చురుక్కుమంది. విప్పి చూస్తే తీగ చివరి లగ్గు కారు పెయింటు మీదే కూర్చుంది. కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారంతా ఆ బోల్టు మరల గుండా! రంగు గీకి, ఇనుము మెరిసేదాకా గరుకుకాగితంతో రుద్ది, బిగించి, గ్రీజు రాశాను. 1.6 కాస్తా 0.1 అయింది. ఎంత సౌండు పెట్టినా మళ్లీ ఎర్రలైటు రాలేదు.

తీగ సన్నమనే నేనూ అనుకున్నాను. మీటరు కాదంది. జీరో గేజ్ వేసినా ఆ రంగు అక్కడే ఉండేది, ఏడు వేలూ పోయేవి.

అలాగని షాపువాళ్లని వదలను. తీగ కొస కోసి బ్లేడుతో పోగు గీకితే లోపల తెల్లగా కనపడింది. రాగి పూత పూసిన అల్యూమినియం. అదే లావు రాగితో పోలిస్తే మూడింట రెండొంతుల పనే చేస్తుంది. పైన తొడుగు మందంగా ఉండేసరికి తీగంతా లావనిపిస్తుంది. అల్యూమినియం అని చెప్పి ఆ ధరకి అమ్మితే తప్పు లేదు. రాగి అని చెప్పి అమ్మడం మోసం. అయినా ఈ కారుకి ఆ తీగ సరిపోతోంది కాబట్టి మార్చనివ్వలేదు.

వెంటనే మార్పించింది ఫ్యూజు. దాన్ని తీసుకెళ్లి డిక్కీలో, యాంప్లిఫయర్ పక్కన పెట్టారు. ఆ ఫ్యూజు కాపాడాల్సింది తీగని. ముందు నుంచి వెనక్కి ఇనుప రేకుల్లోంచి వచ్చే ఆ తీగ తొడుగు ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలితే, డిక్కీలో ఉన్న ఫ్యూజుకి సంగతే తెలియదు. బ్యాటరీ వందల ఆంపియర్లు తోసేస్తుంది, కారు అంటుకుంటుంది. అలాంటప్పుడు లావు తీగ ఇంకా ప్రమాదం, ఎక్కువ కరెంటుకి దారిస్తుంది కనక. లావు తీగ కోసం ఇన్నేళ్లు వాదించినవాణ్ని, ఈ మాట రాయకుండా ఉండలేను.

మీ కారులో విడిగా యాంప్లిఫయర్ పెట్టించి ఉంటే ఇవాళే బానెట్ ఎత్తి చూడండి. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన తీగకి మూరెడు లోపల ఫ్యూజు లేకపోతే, అది పెట్టించేదాకా ఆ తీగ విప్పేసి ఉంచండి.