ఓజేస్ గాయకులు: మరుగునపడిన గీతములు

మన సంచికలో పరదేశపు పాటల ప్రసక్తి యేల అని కొందరు అడుగవచ్చును. మంచి పాటకు ఊరుపేరులతో పనిలేదు గనుక వ్రాయుచున్నాను.

అమెరికా నల్లజాతివారి సోల్ సంగీతము నెరిగినవారికి ఓజేస్ అనగానే రెండు పాటలు స్ఫురించును. 1972లో వెలువడిన ‘బ్యాక్ స్టాబర్స్’ ఒకటి. 1973లో ఆ దేశపు పట్టికలో ప్రథమస్థానము నందుకొన్న ‘లవ్ ట్రైన్’ రెండవది. రెండును మంచివే. కాని వానితోనే ఈ గాయకులను తూచుట పల్లవి విని కచేరి నుండి లేచిపోవుట వంటిది.

ఒహాయో రాష్ట్రమందలి క్యాంటన్ పట్టణమున 1958లో బడిపిల్లలుగా జతకూడినవారు వీరు. ఫిలడెల్ఫియాలో గ్యాంబుల్, హఫ్ అను జంట రచయితలు చేరదీసిన పిమ్మటనే పెద్దపేరు వచ్చినది. ఎడ్డీ లెవర్ట్‌ది గరగరలాడు గంభీరకంఠము. వాల్టర్ విలియమ్స్‌ది నునుపైనది. మూడవవాడు విలియం పావెల్ 1977లో కీర్తిశేషుడైనాడు.

1973 నాటి ‘షిప్ అహోయ్’ ఆల్బమున ఎనిమిది పాటలు కలవు. శీర్షికాగీతము తొమ్మిదిన్నర నిమిషములకు పైబడినది. నిమిషమునకు 45 మారులు తిరుగు చిన్న రికార్డుపై ఇంత నిడివి ఇమడదు. రేడియోవారికి అంత ఓపిక లేదు. మనకిది క్రొత్త సంగతి కాదు. 78 చుట్ల గ్రామఫోను పలకపై, మూడు నిమిషములకు లోబడి ఆలాపన సగము మ్రింగి పద్యము పాడిన నటులను మన పెద్దలు వినియేయున్నారు.

ఈ గీతము అలల హోరుతో మొదలగును. కొరడా మ్రోత వినబడును. ఆఫ్రికా నుండి సంకెళ్లతో అట్లాంటిక్ దాటింపబడిన పూర్వుల కథ యిది. అట్టమీది బొమ్మలో సైతము ఈ ముగ్గురు ఓడ గర్భమున బందీల నడుమ నున్నారు. ఏడ్పు లేదు, నడక నెమ్మది, గొంతులు అదుపులో నున్నవి. స్వేచ్ఛాభూమికి పోవుచున్నామను మాటను అంత నిబ్బరముగా పాడుటలోనే ఆ వెటకారము గుండెలో దిగబడును. మనలో అనేకుల పూర్వులు దండుల వెంటనో, మగ్గముల వెంటనో తరలివచ్చినవారు. మూటలో భాషయైనను ఉండెను. ఆ ఓడలోనివారికి క్రమముగా అదియు దక్కలేదు. వారి బిడ్డల బిడ్డలు యజమానుల భాషలోనే ఆ కథను పాడవలసివచ్చినది. ఇది తలచినపుడు నాకు ఆ నిబ్బరపు విలువ తెలియును.

‘నౌ దట్ వి ఫౌండ్ లవ్’ను జమైకాకు చెందిన థర్డ్ వరల్డ్ బృందము 1978లోను, హెవీ డి 1991లోను నృత్యమునకు కట్టి ప్రసిద్ధము చేసిరి. మూలములో తొందర లేదు. ప్రేమ దొరికినది సరే, దానితో ఇక నేమి చేయుదుమన్న ప్రశ్న అక్కడ నిజముగా ప్రశ్నవలెనే వినబడును.

‘డోంట్ కాల్ మి బ్రదర్’ మాత్రము మాటలపోగు. తమ్ముడా అని పిలుచుచు వంచించువాని మీది ఆగ్రహము న్యాయమైనదే గాని, ఉపన్యాసములో మూడవవంతు తగ్గించినచో పాట మిగిలెడిది. గాలి కాలుష్యముపై పాడిన ‘దిస్ ఎయిర్ ఐ బ్రీద్’ అంతకంటె మేలు.

వినదలచినవారు మొదటి ప్రక్కను వరుస తప్పక వినవలెను. అక్కడ ముందుగా చప్పట్లతో సాగు ఉత్సాహపు ప్రార్థనాగీతము, ‘పుట్ యువర్ హ్యాండ్స్ టుగెదర్’, కలదు. అది ముగిసిన వెంటనే అలల హోరు వచ్చును. అక్కడ సూది నెత్తవలదు.