నవ్వుతూ కాసేపు, జడుసుకుంటూ కాసేపు

నేను సినిమాలు చూసే మనిషిని కానండీ. సినిమా నడుస్తూంటే అక్కడ ఉండే మనిషిని. ఒళ్లో చిక్కుడుకాయల చేట, ఒక చెవి కుక్కరు కూతమీద, రెండోది టీవీ మీద. దర్శకత్వ ప్రతిభ, ఛాయాగ్రహణం వగైరాలు తూచి చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. నా కొలత ఒక్కటే. ఈనెలు తీస్తున్న చెయ్యి ఎక్కడైనా ఆగిందా? ఆగితే అది మంచి సినిమా. చిక్కుళ్లు అయిపోయి, బియ్యంలో రాళ్లేరడం కూడా పూర్తయిందంటే, ఎన్ని కోట్లు పోసి తీసినా నా లెక్కలో దండగే.

ఈ ఏడెనిమిదేళ్లలో నా చేతిని ఆపిన వాటిలో రెండు రకాలే ఎక్కువ. శవాన్ని మధ్యలో పెట్టుకుని నవ్వించేవి కొన్ని, సైన్సు పేరు చెప్పి జడిపించేవి కొన్ని. ఈ మాట విని మా వదిన ముక్కుమీద వేలేసుకుంది. "ఈ వయసులో నీకీ హత్యలేమిటి, పిశాచాలేమిటి? హాయిగా కుటుంబ కథలు చూడరాదూ!" అంది. చెబితే నమ్మలేదు గానీ, నేను చూస్తున్నవి అచ్చంగా కుటుంబ కథలే.

2019లో వచ్చిన "నైవ్స్ అవుట్" సంగతి తీసుకోండి. రయన్ జాన్సన్ రాసి, తీసిన అమెరికా సినిమా. డిటెక్టివ్ నవలలు రాసి బాగా గడించిన పెద్దాయన 85వ పుట్టినరోజుకి కొడుకూ, కూతురూ, కోడళ్లూ, అల్లుడూ, మనవలూ అందరూ చేరతారు. తెల్లారేసరికి ఆయన గొంతు తెగి పడి ఉంటాడు. ఆత్మహత్యేనని పోలీసులు తేల్చేయబోతూంటే బెన్వా బ్లాంక్ అనే డిటెక్టివ్ దిగుతాడు. జేమ్స్ బాండ్‌గా చూసిన ఆ డేనియల్ క్రెయిగే, ఇందులో దక్షిణ రాష్ట్రాల యాసలో మాట సాగదీస్తూ, తుపాకీ గొడవ లేకుండా, ఎదుటివాళ్లు చెప్పేది వింటూ కూర్చుంటాడు. అదే సగం వినోదం.

కథంతా ఆ పెద్దాయనకి మందులిచ్చే నర్సు మార్తా చుట్టూ తిరుగుతుంది. ఆ పిల్లకి ఒక చిత్రమైన బాధ. అబద్ధమాడితే వాంతి అయిపోతుంది. తక్కిన కుటుంబమంతా పూటకో అబద్ధమాడి హాయిగా అరిగించుకుంటూ ఉంటారు. "నువ్వు మాలో ఒకతెవే" అని ఆ పిల్లకి అందరూ భరోసా ఇస్తారు. కానీ ఆమెది ఏ దేశమంటే ఒకరు ఈక్వడార్ అంటారు, ఒకరు ఉరుగ్వే అంటారు, ఇంకొకరు బ్రెజిల్ అంటారు. ఈ హాస్యాన్ని ఎక్కడా గట్టిగా నొక్కి చెప్పరు. వినేవాళ్లు వింటారు, అంతే.

పుట్టినరోజు నాడు బయటి దేశాలనుంచి వలస వచ్చేవాళ్ల మీద వాదన లేస్తుంది. అల్లుడుగారు మార్తాని దగ్గరకి పిలిచి, పద్ధతిగా వచ్చి కష్టపడి పైకొచ్చిందంటూ ఉదాహరణగా చూపిస్తాడు. మాట సాగుతూండగానే, ఆమె వంక చూడకుండానే, తను తిన్న పళ్ళెం ఆమె చేతిలో పెట్టేస్తాడు. ఆమె నర్సు, పళ్ళేలెత్తడానికి రాలేదు. అయినా పుచ్చుకుంటుంది.

నా చెయ్యి ఆగింది అక్కడండీ. నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు గొంతులోనే ఉండిపోయింది. మా ఇంట్లో 18 ఏళ్లు పనిచేసి, మోకాళ్ల నొప్పులతో మానేసిన మనిషి ఒకావిడ ఉంది. "మా ఇంటి మనిషేనండీ" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పేవాళ్లం. ఆవిడది ఏ ఊరని ఆ నిమిషాన ఎవరైనా అడిగితే, భీమవరం దగ్గరో ఏలూరు దగ్గరో అనేసి ఉండేదాన్ని. మర్నాడు ఫోను చేసి అడిగాను. తణుకు అవతల ఏదో పల్లెట. "ఇప్పుడెందుకమ్మగారూ?" అని నవ్వింది. ఎందుకో చెప్పలేక, మందులు వేసుకుంటున్నావా అని మాట మార్చేశాను.

హంతకుడెవరన్నది చెప్పను. అది తెలిశాక కూడా రెండుసార్లు చూశాను. వీలునామా చదివిన తర్వాత, ఆ "మాలో ఒకతెవే" అన్న గొంతులు ఎలా మారతాయో చూడ్డానికే రెండోసారి కూర్చున్నా దండగ లేదు.

ఈ వరసలో 2022లో వచ్చిన "గ్లాస్ ఆనియన్" మాత్రం నాకు చప్పగా ఉంది. గ్రీసు దేశపు దీవి, కోటీశ్వరుడి అద్దాల మేడ, అతగాడి చుట్టూ చేరిన స్నేహితులు. అంతా తళతళే, ఇల్లన్నది ఎక్కడా లేదు. ఆ పూట రెండు వీశెల చిక్కుళ్లు ఒలిచినా ఒలిచేదాన్నే. 2025లోని మూడోది, "వేక్ అప్ డెడ్ మ్యాన్", చర్చిలో జరిగే కథ. అందులో ఒక చిన్న పాదిరీ హత్య ఆరా కోసం ఎవరికో ఫోను చేస్తాడు. అవతల మాట్లాడే ఆవిడ వసపిట్టలా వాగుతూంటే మనకి నవ్వూ, విసుగూ. ఉన్నట్టుండి ఆవిడ గొంతు పూడుకుపోతుంది, మంచాన ఉన్న తల్లి కోసం ప్రార్థన చెయ్యమంటుంది. అంతే, పాదిరీ ఆరా సంగతి వదిలేసి ఆవిడ మాట వింటాడు. ఆ ఫోను సంభాషణ ఒక్కటీ చాలు, తక్కిన లోపాలు క్షమించెయ్యొచ్చు.

మన తెలుగులోనూ ఈ బాపతు లేకపోలేదు. 2019లోనే రితేష్ రానా తీసిన "మత్తు వదలరా" వచ్చింది. సామాన్లు ఇంటికి తెచ్చిచ్చే కుర్రాడు, జీతం చాలక, డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఒక నోటు నొక్కెయ్యబోయి పెద్ద చిక్కులో పడతాడు. స్నేహితుడి వేషంలో సత్య ఎంత నవ్విస్తాడో చెప్పలేను. ఎడతెగని టీవీ సీరియళ్లని వెక్కిరించిన తీరు చూసి, రోజూ వాటిని చూసే నేనే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. కథ మెలికలు మాత్రం మరీ ఎక్కువయ్యాయి, ఆఖర్న ఎవరు ఎవరిని ఏం చేశారో మా అబ్బాయిని అడగాల్సి వచ్చింది. కానీ ఆ సినిమా చూసేదాకా, మా గుమ్మంలోకి వచ్చే కుర్రాళ్ల చేతిలో పొట్లం చూశానే గానీ మొహం చూసిన పాపాన పోలేదు.

ఇక జడిపించే వాటి మాటకొద్దాం.

2018లో "ఎ క్వైట్ ప్లేస్" అని వచ్చింది. జాన్ క్రసిన్స్కీ తీశాడు, తానే తండ్రి వేషం వేశాడు. తల్లి వేషం వేసిన ఎమిలీ బ్లంట్ అతని భార్యే. ఎక్కడినుంచో ఊడిపడ్డ మృగాలు లోకాన్ని తినేస్తూంటాయి. వాటికి చూపు లేదు, చెవులు మాత్రం అమోఘం. అందుకని ఆ కుటుంబం చెప్పుల్లేకుండా ఇసక పోసిన దారిలో నడుస్తుంది, సైగలతో మాట్లాడుకుంటుంది. పెద్దపిల్లకి వినపడదు. ఆ వేషం వేసిన మిల్లిసెంట్ సిమండ్స్‌కి నిజంగానే వినపడదుట. ఆ పిల్ల మొహంలో పలికిన కోపం, అలక మాటలున్న వేషాల్లో కూడా చాలామందికి పలకవు.

తల్లి నిండు చూలాలు. ఉతకాల్సిన బట్టల మూట మెట్లమీదుగా పైకి లాగుతూంటే ఒక మేకుకి తట్టుకుంటుంది. గట్టిగా గుంజుతుంది. మూట వచ్చేస్తుంది, మేకు నిటారుగా లేచి నిలబడుతుంది. ఆవిడ చూసుకోదు, మనం చూస్తాం. ఇహ ఆ క్షణం నుంచీ మృగం ఎలా ఉంటుందో ఎవరిక్కావాలి! ఆ మెట్టుమీద ఎవరి పాదం పడుతుందా అన్నదే ప్రాణం తోడేస్తుంది. "ఎవరైనా చూసి సుత్తితో ఒక్కటి కొట్టరేం?" అని నోరు జారాను. "సుత్తి చప్పుడవుతుందమ్మా" అంది మా అమ్మాయి. నిజమే గదా! మన ఇళ్లల్లో జరిగే ప్రమాదాల్లో సగం ఇలాంటివే. గచ్చుమీద నూనె చుక్క, సగం మూసిన గ్యాసు మీట. ఈ దర్శకుడికి ఆ సంగతి తెలుసు.

ఆ రోజుల్లో అసలు ఆ గర్భమేమిటని మా వదిన అడిగింది. న్యాయమైన ప్రశ్నే. జలపాతం దగ్గర మాట్లాడినా వినపడదని వాళ్లే కనిపెట్టాక, కాపరం అక్కడే పెట్టచ్చుగదా అన్నది నా ప్రశ్న. రెండింటికీ సినిమాలో సమాధానం లేదు. అయినా నొప్పులొచ్చిన తల్లి నోరు నొక్కుకుని, అరవకుండా బిడ్డని కనే ఘట్టం చూస్తూ లాజిక్కు తీసే ఓపిక ఏ ఆడదానికుంటుంది?

నా మనసులో ఉండిపోయింది మాత్రం 2020 నాటి "ది ఇన్విజిబుల్ మ్యాన్". హెచ్.జి. వెల్స్ 1897లో రాసిన నవల పేరే. దాన్ని 1933లోనే సినిమా తీశారు. అక్కడ కథంతా మాయమైపోయే శాస్త్రజ్ఞుడిది. ఈ కొత్తదాంట్లో లీ వానెల్ అనే దర్శకుడు కథని తిప్పి పట్టుకున్నాడు. శాస్త్రజ్ఞుడి చేత నరకం అనుభవించి, ఒక అర్ధరాత్రి గోడదూకి పారిపోయిన సిసీలియా కథ ఇది. కొన్నాళ్లకి అతను చచ్చిపోయాడని కబురొస్తుంది. అందరూ పీడ విరగడైందంటారు. ఆమెకి మాత్రం అతను గదిలోనే ఉన్నట్టుంటుంది.

ఆమె పొయ్యిమీద టిఫిను పెట్టి పక్కకి వెళుతుంది. గట్టుమీది కత్తి మాయమవుతుంది. మంట దానంతటదే పెద్దదై పెనం అంటుకుంటుంది. చూసినవాళ్లు ఏమనుకోవాలి? పరధ్యానం అనుకుంటారు. ఆమె పేరుమీద అక్కచెల్లెలికి ఒక పాపిష్టి ఉత్తరం వెళుతుంది. ఆమే రాసిందనుకుంటారు. ఎలిజబెత్ మాస్ నటన గురించి ఒకే మాట. ఆమె ఏమీ లేని కుర్చీ వంక చూస్తే, ఆ కుర్చీలో మనిషి ఉన్నాడని మనకి తెలిసిపోతుంది.

ఒకచోట కెమెరా ఆమెని వదిలేసి ఖాళీ మూల వైపు తిరిగి, ఊరికే చూస్తూ నిలబడుతుంది. మా వారు పేపరులోంచి తలెత్తి, "ఖాళీ గది చూపిస్తాడేమిటి?" అన్నారు. నేనూ మా అమ్మాయీ ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. మా ఇద్దరికీ అది ఖాళీ గదిలా అనిపించలేదు. ఆయన తప్పని కాదు. రాత్రి బస్సు దిగి నడిచి వచ్చేటప్పుడు వెనక అడుగులు లెక్కపెట్టుకోవలసిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు, అంతే.

మార్తా అందరి కళ్లముందూ తిరుగుతున్నా ఎవరికీ కనపడదు. సిసీలియాకి ఎవరికీ కనపడనివాడు కనపడతాడు. ఒకటి చూసి నవ్వాను, ఒకటి చూసి వణికాను, కానీ రెండూ పక్కపక్క ఇళ్లల్లో జరిగినట్టే తోచింది నాకు. చివరికొచ్చేసరికి ఆసుపత్రి వరండాలో తుపాకులూ, కొట్లాటలూ మొదలయ్యాయి. నా చెయ్యి మళ్లీ చిక్కుళ్ల మీదకి పోయింది. మనిషి కనబడ్డాక ఇంకేం భయం!

నవ్వూ, భయమూ కలగలిపి వడ్డించింది "మేగన్". అమెరికాలో 2023 జనవరిలో విడుదలైంది. తల్లీ తండ్రీ పోయిన పిల్లని పినతల్లి తెచ్చుకుంటుంది. ఆవిడ బొమ్మలు తయారుచేసే ఇంజనీరు. బీరువాలో బొమ్మలున్నాయిగా అని పిల్ల చెయ్యి పెడితే, అవి ఆడుకునేవి కావంటుంది. మన ఇళ్లల్లో షోకేసులో కొండపల్లి బొమ్మల్లాగన్నమాట! పిల్లని చూసుకునే తీరిక లేక, మాట్లాడే మరబొమ్మని తయారుచేసి అప్పగిస్తుంది. చేతులు కడుక్కోమనడం దగ్గర్నుంచి కథ చెప్పి నిద్రపుచ్చడం దాకా అన్నీ బొమ్మే. హత్య చేయబోతూ అది వరండాలో వేసే గంతులు చూసి నవ్వి, మరుక్షణం నవ్వినందుకు సిగ్గుపడ్డాను. ఫోను చేతిలో పెడితేగాని మా మనవడికి ముద్ద దిగదు. ఆ సంగతి మా కోడలికి గుర్తు చేద్దామనుకుని, ఆ అలవాటు చేసింది నేనే గనక ఊరుకున్నాను.

మొన్న "నైవ్స్ అవుట్" రెండోసారి పెట్టినప్పుడు మా అత్తగారు కూడా వచ్చి కూర్చున్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. నేను పక్కన కూర్చుని చెబుతూంటే కాసేపు విని, చేత్తో ఆపేశారు. మాటలు వదిలేసి మొహాలు చూడ్డం మొదలెట్టారు. ఆ ఇంట్లో చచ్చిపోయిన పెద్దాయన తల్లి ఒకావిడ ఉంది. పండు ముసలిది, కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. ఆవిడ వయసెంతో కూడా ఇంట్లోవాళ్లకి తెలియదు.

సగం సినిమా కాకముందే మా అత్తగారు, "అందర్నీ అడుగుతున్నారు సరే, ఆ కిటికీ దగ్గరి ముసలమ్మని ఎవరూ ఏమీ అడగరేమే?" అన్నారు.

నేను నోరు మెదపలేదు. బ్లాంక్‌గారు ఆవిడ పక్కన చేరేసరికి మా అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి, "ఇప్పటికి తోచిందన్నమాట" అని తమలపాకు మడిచారు.

రెండోది పెట్టమంటారా అని అడిగాను.

"అందులో ముసలమ్మ ఉందా?"

"ఆ దీవిలో ఎవరూ లేరండీ, అంతా కుర్రకారూ నడివయసువాళ్లూను."

"అయితే నిద్రొస్తోంది. దీపం తీసెయ్" అన్నారు.