సెల్లార్ మోటారు

గట్టి వాన గంటసేపు పడితే చాలు, హైదరాబాద్ పల్లపు కాలనీల్లో అపార్ట్‌మెంట్ల ముందు ఇంజన్ల మోత మొదలవుతుంది. ఈ వారం మా వీధిలోనూ మొదలైంది. అద్దెకు తెచ్చిన డీజిల్ పంపు సెల్లార్‌లో నీళ్లు తోడి రోడ్డు మీదికి కొడుతుంది. రోడ్డు మీది నీళ్లు ర్యాంప్ మీదుగా మళ్లీ సెల్లార్‌లోకే దిగుతాయి. తెల్లవార్లూ అదే తంతు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా చెరువుల గోడు కొత్త కాదు. చెరువు శిఖం భూమిలో కాలనీ వేసి, అందులో పదడుగుల లోతు తవ్వి కార్లు పెట్టుకుని, వానాకాలం రాగానే నీళ్లను తిట్టుకుంటాం. 1908 మూసీ వరద తర్వాత ఈ నగరం ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకుంది. ముందు నీళ్లకు చోటు చూపించి, ఆ తర్వాత మనుషుల సంగతి చూసిన పద్ధతి అది. మోటారు ఉందన్న ధీమాతోనే బిల్డర్లు పల్లంలో తవ్వుతున్నారని, సెల్లార్లను మోటార్లతో కాపాడుకున్నన్నాళ్లూ చెరువులు ఎవరికీ గుర్తుకు రావని ఇక్కడ చాలాసార్లు రాశాను. ఈసారీ అదే రాద్దామని కూర్చున్నాను.

ఇంతలో అసోసియేషన్ వాళ్లు పిలిపించిన పంపు మేస్త్రి వచ్చాడు. యాభై దాటిన మనిషి, వెంట ఒక కుర్రాడు. పని చేతకానివాళ్లను చూసీ చూసీ విసిగిపోయిన కళ్లకు ఆయన పని పండగలా ఉంది.

వచ్చీ రాగానే మోటారు జోలికి పోలేదు. సెల్లార్ మూలన ఉన్న గుంట మూత తీయించి, నీళ్లు తోడించి, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. గుంట గోడ మీద సుద్దతో గీత గీసి, ఊట ఎంతసేపట్లో ఎంత పైకి వస్తోందో గడియారం చూసుకున్నాడు. "ముందు నీళ్లు ఎంతొస్తున్నాయో తెల్వాలె సార్, మోటారు సంగతి తర్వాత" అన్నాడు. పాత మోటారు అడుగున బురదలో కూరుకుపోయి ఉంది. ఫ్లోట్ స్విచ్‌ను ఎవరో బైండింగ్ వైరుతో పైపుకు కట్టేశారు. అది నీటితోపాటు పైకి లేవకపోతే మోటారుకు నీళ్లొచ్చిన సంగతి తెలిసేదెట్లా?

గుంటను రెండున్నర అడుగుల చదరం, మూడడుగుల లోతు చేశాడు. అడుగున కడిగిన కంకర పోసి, దాని మీద సిమెంటు దిమ్మె పెట్టి, మోటారును ఆ దిమ్మె మీద నిలబెట్టాడు. బురద కింద ఉండిపోతుంది, మోటారు నోట్లోకి రాదు. ఫ్లోట్ ఏ గోడకూ తగలకుండా ఆడుతోందో లేదో చేత్తో పదేపదే లేపి చూశాడు. నిలువు పైపుకు, నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఎన్‌ఆర్‌వీ వాల్వు బిగించాడు. అది లేకపోతే మోటారు ఆగిన ప్రతిసారీ పైపులోని నీళ్లన్నీ గుంటలోకే జారి, ఫ్లోట్ మళ్లీ లేచి, మోటారు ఊరికే ఆడుతూ ఆగుతూ కాలిపోతుంది. ఎన్‌ఆర్‌వీకి కింద పైపుకు ఒక సన్న బెజ్జం కూడా పెట్టాడు. మోటారులో గాలి చిక్కుకుంటే ఆ బెజ్జంలోంచి పోతుందట. అది లేకపోతే కొత్త మోటారు కూడా గిర్రున తిరుగుతూనే ఉంటుంది, చుక్క ఎక్కదు. అందరూ మోటారు చెడిపోయిందనుకుంటారు.

డబ్బా మీద రాసిన లీటర్ల లెక్కనూ ఆయన నమ్మడు. కంపెనీ పెద్దక్షరాలతో వేసే అంకె చాలాసార్లు ఎత్తు ఏమీ లేనప్పటిది. ర్యాంప్ దాటించి నీళ్లను పైకెక్కించాలంటే అందులో చాలా భాగం తగ్గుతుంది. మా సెల్లార్ నాలుగు వేల చదరపు అడుగులు. నాలుగంగుళాల నీళ్లు నిలిస్తే దాదాపు 38 వేల లీటర్లు. నిమిషానికి 200 లీటర్లు నిజంగా తోడే మోటారుకైనా మూడు గంటల పైనే పడుతుంది, అదీ పైనుంచి కొత్త నీళ్లు రాకపోతే. అందుకే ర్యాంప్ మొదట్లో అరడుగు ఎత్తున గట్టు పోయించి, ర్యాంప్ కింద అడ్డంగా జాలీ కాలువ తీయించాడు. గట్టు లేకుండా ఎన్ని మోటార్లు పెట్టినా దండగేనన్నాడు. పైపు కొసను రోడ్డు మీద వదలకుండా వాననీటి కాలువ దాకా తీసుకుపోయాడు. డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లో కలపమని ఒకరు సలహా ఇస్తే చెయ్యనన్నాడు. ఆ మురుగు పక్క సందులోని ఇళ్లలోకి పైకి తంతుందని ఆయనకు తెలుసు.

ఆయన పైపు మీద అరచెయ్యి ఆనించి నిలబడటం చూస్తే మా పెదనాన్న గుర్తొచ్చాడు. మాది కొత్తగూడెం. పెదనాన్న సింగరేణిలో పంపు ఖలాసీ. బొగ్గు తవ్వేవాళ్లకున్న పేరు పంపు ఖలాసీకి లేదు. భూగర్భ గనిలో నీళ్లు అన్ని లెవెళ్లనుంచీ కాలువల వెంట దిగి, అట్టడుగున డిప్పులో ఉన్న సంపులో చేరతాయి. అక్కడనుంచి ఒక పంపు ఎగువ సంపుకు, అక్కడనుంచి మరో పంపు ఇంకా ఎగువకు, అట్లా మెట్లు మెట్లుగా పైకి ఎక్కిస్తారు. టోపీ దీపం వెలుగులో, ఎనిమిది గంటల షిఫ్టంతా, ఒక్కడే పంపు పక్కన కూర్చోవాలి. స్ట్రెయినర్‌కు బొగ్గు బురద పట్టిందంటే మోత మారకముందే పైపు వణుకులో తెలిసిపోతుందనేవాడు. ఆ వణుకు ఎట్లుంటుందో మా ఇంటి చేతిపంపు గొట్టం మీద నా చెయ్యి పెట్టించి చెప్పబోయేవాడు. నాకు అర్థమయ్యేది కాదు.

దసరా రోజున కూడా ఎవరో ఒకరు పంపు దగ్గర ఉండాల్సిందే. సమ్మెల్లోనూ అంతే, బొగ్గు ఆగుతుంది కానీ పంపులు ఆగవు. సమ్మె చేసే సంఘాలే పంపులవాళ్లను గనిలోకి పంపేవి. ఎందుకో ఆ ప్రాంతంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 2003లో గోదావరిఖని సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది పోయారు. ఆవిరి యంత్రమైనా మొదట పుట్టింది రైళ్లు నడపడానికి కాదు. 1712లో ఇంగ్లండ్‌లో డడ్లీ దగ్గర న్యూకోమెన్ నిలబెట్టిన యంత్రం పని గనిలో నీళ్లు తోడటమే. కింద మనుషులున్నారు కాబట్టి పంపు నడవాలి. మా పెదనాన్న ఉద్యోగమంతా అంతే.

మా సెల్లార్‌లోనూ మనుషులున్నారు. వాచ్‌మన్ కుటుంబం గది ర్యాంప్ కిందే ఉంది, గుంటకు నాలుగడుగుల దూరంలో. మొన్న రాత్రి నీళ్లు మంచం కోళ్ల దాకా వచ్చాయి. "పిల్లలని మెట్ల మీద పండబెట్టినం సార్, బియ్యం డబ్బా ఎత్తి బండి మీద పెట్టినం" అంది ఆయన భార్య. ఆ సమయానికి అసోసియేషన్ వాట్సాప్‌లో కార్ల ఫోటోలే తిరుగుతున్నాయి. 2024 జులైలో ఢిల్లీ పాత రాజేంద్రనగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. 2021 సెప్టెంబరు 1 రాత్రి న్యూయార్క్‌లో ఒక్క గంటలో మూడంగుళాల పైన వాన పడింది. ఆ వరదలో నగరంలో పోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలో ఉన్నవాళ్లే. ఢిల్లీలో, న్యూయార్క్‌లో, మా వీధిలో, నీళ్లు ముందుగా చేరేది అద్దె తక్కువనో గతి లేకనో కింద ఉన్నవాళ్ల దగ్గరికే.

చెరువులు తిరిగి రావాలన్న మాట నేను వదలను. కానీ అది కొన్ని తరాల పని, ఈ రాత్రి వాన ఈ రాత్రే పడుతుంది. సెల్లార్‌కు మోటారు వద్దనే మాట ఇక నానుంచి రాదు. ఒకటి కాదు, రెండు కావాలంటాను. మేస్త్రి కూడా రెండో మోటారును మొదటిదానికంటే అడుగు ఎత్తులో పెట్టాడు, మొదటిది అందుకోలేకపోతే ఇది లేవడానికి. స్టార్టర్ డబ్బాను సెల్లార్ గోడ మీదనుంచి గ్రౌండ్ ఫ్లోర్‌కు మార్చి, కరెంటు కాస్త లీకైనా లైను పడిపోయేట్టు ఆర్‌సీసీబీ పెట్టించాడు. నిలిచిన నీళ్లలో తెగిన వైరు కంటికి కనపడదు. జనరేటర్ లైను చూస్తే అందులో లిఫ్టు ఉంది, కారిడార్ లైట్లు ఉన్నాయి, సెల్లార్ మోటారు లేదు! పెద్దవానకు ముందుగా పోయేది కరెంటే కదా. ఆ లైనూ కలిపాడు. రెండో మోటారు లేచిందంటే మోగే గంటను మాత్రం వాచ్‌మన్ గదిలో పెట్టనివ్వలేదు. "ఆయనకు నీళ్లు తగిలితే తెలుస్తది సార్, పైనున్నోళ్లకు తెల్వాలె" అని సెక్రటరీ గారి ఫ్లాట్ తలుపు పక్కన బిగించాడు.

అసోసియేషన్ ముందు రెండు అంచనాలున్నాయి. మోటార్లది ఒక్క మీటింగ్‌లో ఆమోదమైపోయింది. వాచ్‌మన్ గదిని గ్రౌండ్ ఫ్లోర్‌లో జనరేటర్ వెనక ఉన్న ఖాళీ జాగాకు మార్చేది వచ్చే నెలకు వాయిదా పడింది, రెండు బైక్‌ల పార్కింగ్ పోతుందట. ఈ ఆదివారం మళ్లీ మీటింగ్ పెట్టమని సంతకాలు సేకరిస్తున్నాను. వానాకాలం ఇంకా రెండు నెలలుంది.