బుల్లోడి చదువు

కుక్కపిల్లకు పాఠం నడుస్తుంటే చూడవచ్చినవాళ్ల కళ్లన్నీ కుక్కపిల్ల మీదే ఉంటాయి. నేను మాత్రం మా కింది వాటా పిన్నిగారి కుడిచెయ్యి చూస్తుంటాను. బుల్లోడు నాటు కుక్కపిల్ల, గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి నిలువు, ఒక చెవి వాలు. వాడికి ‘కూర్చో’ నేర్పింది ఆ చెయ్యే.

ఉప్పూ కారం తగలకుండా ఉడికించిన కోడిమాంసం ముక్క, శనగగింజంతది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటారు. దాన్ని వాడి ముక్కు దగ్గర పెట్టి, అక్కణ్ణించి నుదుటి మీదుగా రెండు చెవుల మధ్యకు మెల్లగా తీసుకెళ్తారు. ముక్క వెంట తల పైకి లేస్తుంది. తల అలా వెనక్కి వాలితే నడుం దానంతటదే కిందికి దిగుతుంది. చెయ్యి బెత్తెడు ఎత్తుకు పోయిందా, వాడు ఎగురుతాడు. తొందరపడి వెనక్కి లాగారా, లేచి వెనకడుగు వేస్తాడు. పిన్నిగారి చెయ్యి ఈ రెంటి మధ్యా తొణక్కుండా వెళ్తుంది. నడుం మీద చెయ్యి వేసి నొక్కడం చాలా ఇళ్లలో చూశాను. ఆవిడ ఒక్కసారి కూడా నొక్కలేదు. లేత తుంటి, అలా నొక్కకూడదు. పైగా నొక్కితే ఎవరికైనా ఎదురు తన్నాలనే అనిపిస్తుంది.

వెనకభాగం నేలకు తగిలీ తగలగానే ‘శభాష్’ అంటారు. ముక్క నోటికి అందేది ఆ తర్వాతే. నన్నడిగితే పనితనమంతా ఆ ‘శభాష్’ పడే క్షణంలోనే ఉంది. కాస్త ఆలస్యమైతే వాడు అప్పటికే లేచి నిలబడి ఉంటాడు. కూర్చున్నందుకు పెట్టామని మనం అనుకుంటాం, లేచినందుకు దొరికిందని వాడు అనుకుంటాడు. తర్వాత ‘ఈ కుక్కకు బుర్ర లేదు’ అని తిట్టేదీ మనమే.

ఈ కిటుకు మీద పెద్ద చదువే జరిగింది. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1951లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో జంతువులకు ఎలా నేర్పాలో రాశాడు. తిండి అందేలోపే ‘నువ్వు చేసింది ఇదే’ అని తెలియజెప్పడానికి, నొక్కితే టిక్కుమనే పిల్లల ఆటవస్తువును వాడమన్నాడు. 1960లలో హవాయిలో డాల్ఫిన్లకు నేర్పిన కేరెన్ ప్రయర్‌కు ఇదే పద్ధతి అక్కరకొచ్చింది. నీళ్లలో తిరిగే డాల్ఫిన్‌కు గొలుసు వేయలేం, అదిలించీ లాభం లేదు. ఉన్నవల్లా ఈలా, చేపలూ. ఆ అనుభవంతో ఆవిడ రాసిన ‘డోంట్ షూట్ ద డాగ్’ 1984లో వచ్చింది. పేరులో కుక్క ఉన్నా అందులో మనుషుల సంగతులూ బోలెడు. పిన్నిగారు ఇవేవీ చదివినవారు కారు. ఆవిడకు ‘శభాష్’ ఉంది.

‘కూర్చో’ అనే మాట మొదట్లో ఆవిడ అసలు పలకలేదు. చెయ్యి కదలికకు వాడు తడబడకుండా కూర్చోవడం మొదలయ్యాక, వేళ్ల మధ్య ముక్క మాయమైంది, ఉత్త చెయ్యి మాత్రం అలాగే కదిలింది. కుక్కలు మాటకంటే చేతినే తొందరగా పట్టుకుంటాయి. అది కుదిరాకే, చెయ్యి కదిపే ముందు ‘కూర్చో’ అనడం మొదలుపెట్టారు. మనవడు ‘సిట్’ అంటూ, బాబాయిగారు ‘కూర్చోవేరా వెధవా’ అంటూ మధ్యలో దూరబోతే ఇద్దర్నీ ఆపేశారు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట అయి తీరాలన్నారు.

నాకు బాగా ముచ్చటేసింది దండం పాఠం. నిద్రలేచిన కుక్క ముందుకాళ్లు చాచి, ఛాతీ నేలకు దించి, వెనకభాగం పైకెత్తి ఒళ్లు విరుచుకుంటుంది. ఏ కుక్కయినా చేసే పనే. పిన్నిగారు ముక్కల డబ్బా కిటికీ దగ్గర పెట్టుకుని, వాడి మధ్యాహ్నం నిద్ర ఎప్పుడు అయిపోతుందా అని కాచుకునేవారు. ఒళ్లు విరవగానే ‘శభాష్’, ఒక ముక్క. ఇలా కొన్నాళ్లు గడిచాక ఒకరోజు వాడు లేచి, ఒళ్లు విరిచి, ముక్క తిని, ఆవిడ మొహంలోకి చూసి, అవసరం లేకపోయినా ఇంకోసారి వంగాడు. వాడికి సంగతి తెలిసిపోయింది! ‘దండం పెట్టు’ అన్న మాట ఆ తర్వాత వచ్చి చేరింది. ఇప్పుడు ఇంటికొచ్చిన పెద్దవాళ్లు వాడికి భక్తి ఎక్కువని చెప్పుకుంటున్నారు.

పాఠం మూడు నాలుగు నిమిషాలకు మించదు. నున్నటి టైల్స్ మీద కాలు జారుతుందని గోనెపట్టా పరుస్తారు. వాడు ఆవలించినా, ఊరికే మూతి నాక్కున్నా, తల పక్కకు తిప్పుకున్నా విసుగొచ్చిందని లెక్క. అప్పుడు వాడికి బాగా వచ్చిన ‘కూర్చో’ ఒకసారి అడిగి, ముక్క పెట్టి, వదిలేస్తారు. రెండు కాళ్ల మీద నిలబెట్టమని మనవడు ఎంత పోరినా ఒప్పుకోరు. ఎదిగే ఎముకలు, ఏడాది నిండాక చూద్దాంలే అంటారు.

ప్రస్తుతం షేక్ హ్యాండ్ నడుస్తోంది. ముక్క పిడికిట్లో పెట్టి నేలకు దగ్గరగా చాస్తారు. వాడు నాకుతాడు, మూతితో పొడుస్తాడు, పాలపళ్లు ఊడే వయసు గనక కాస్త కొరుకుతాడు కూడా. పిడికిలి విప్పుకోదు, పిన్నిగారు నోరు మెదపరు. చివరికి విసిగి కాలితో గీరుతాడు. కాలు తగిలీ తగలగానే ‘శభాష్’, పిడికిలి విచ్చుకుంటుంది. మొన్నటిదాకా గీరితే చాలు, ఇప్పుడు కాలు చేతి మీద ఆనించి ఉంచితేనే ముక్క. వాడు ప్రతిసారీ ఎడమకాలే ఇస్తున్నాడు. పిన్నిగారికి అదేం పట్టింపు లేదు. ఎడమచెయ్యి ఇవ్వడమేమిటని బాబాయిగారికే చిన్నతనంగా ఉంది.