ఒక వీధి – రెండు చూపులు

ప్రతి చిన్న పట్టణమునకును ఒక పెద్దవీధి యుండును. బేరసారములే కాక, మనుష్యుల పరువు ప్రతిష్ఠలును అచ్చటనే తేలును. అట్టి వీధిని ఒక జీవనవిధానమునకే గుర్తుగా నిలిపిన నవల సింక్లెయిర్ లూయిస్ 1920లో ప్రకటించిన ‘మెయిన్ స్ట్రీట్’. 1930లో సాహిత్యమునకు నోబెల్ బహుమానము నందిన తొలి అమెరికా రచయిత యీతడు. ఈ నవల చిన్న ఊళ్లపై వ్రాసిన వెక్కిరింత మాత్రమే యని పలువురు తలంతురు. మాకట్లు తోచదు.

మినెసోటాలోని గోఫర్ ప్రెయిరీ యను కల్పిత పట్టణమునకు వైద్యుని భార్యగా వచ్చిన కెరోల్ చదువరి, నగరము నెఱిగినది. 32 నిమిషములలో ఊరంతయు చుట్టివచ్చి హతాశురాలగును. మందుల దుకాణములోని పాలరాతి సోడాబల్ల యామెకు జిడ్డోడుచు కనబడును. ఆనాడే బియా యను పల్లెపిల్ల, పని వెదకికొనుచు, ఆ వీధినే నడచును. ఆ పాలరాయియే, ఆ రంగుటద్దాల దీపమే యామెకు మహావైభవము! ఈ రెండు నడకలను ప్రక్కప్రక్కన నిలుపుటలోనే నవల ప్రాణమున్నది. వీధి యందము చూచువారి కన్నులలో నున్నదని రచయితయే యొప్పుకొనుచున్నాడు.

అయిన నిజమైన దోషమెచ్చట? కెరోల్ ఇంట పనికి కుదిరిన బియా, ఊరికి గిట్టని భావములుగల ఒక కూలివానిని పెండ్లాడును. కెరోల్ వచ్చుచుండునే కాని, పెద్దయిండ్లవారు దాదాపెవరును ఆ గడప త్రొక్కరు. చెడిన బావినీటివలన టైఫాయిడ్ సోకి తల్లియు, చిన్నకుమారుడును మరణింతురు. స్త్రీలు పరామర్శకు వచ్చునప్పటికి కాలము మించిపోవును. మురిసి చూచిన కన్నులనే ఆ వీధి మూయించినది. దాని కురూపమును కెరోల్ మొదటినాడే చూచెను. కాఠిన్యమును మనకు చూపినది బియా చావు.

లోపమును చెప్పవలెను. ఆ తొలి నడక తరువాత లూయిస్ బియా మనస్సులోనికి మనల నంతగా కొనిపోడు. ఎక్కువగా కెరోల్ కన్నులతోనే యామెను చూపును. ఊరు చేసిన యుపేక్షలో కొంత రచయితయు చేసినాడు.

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మనకు ఈ కథ దూరపుది కాదు. మన పెద్దలును ఒకనాడు పరాయి ఊరి పెద్దవీధిలో బియా వలె కన్నులు విప్పార్చుకొని నడచినవారే. నేడు మనము ఆ వీధి అరుగులపై కూర్చుండి క్రొత్తగా వచ్చువారిని తూచుచున్నాము. వారి గడప నెందఱము త్రొక్కితిమి?