ఆయన చెప్పాడు, ఆవిడ రాసింది

భర్త పుస్తకంలో భార్య చెయ్యి ఎంత ఉందని మనం సాధారణంగా అడగం. పుస్తకం మీదే అచ్చువేసి ఉంటే మాత్రం అడక్క తప్పదు కదా! ఒంగోలులో పనిచేసిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' అలాంటిదే. ఆయన 1910లో పోయాడు. ఆయన చెప్పగా రెండో భార్య ఎమ్మా రాసిన ఈ పుస్తకం 1914లో వెలువడింది.

మా నర్సీపట్నం వైపు పనిచేసినవారు కెనడా బాప్టిస్టులు. ఏ మిషను చరిత్ర తిరగేసినా లెక్కలే ముందు కనిపిస్తాయి: ఇన్ని బళ్ళు, ఇన్ని బాప్తిస్మాలు. ఈ పుస్తకం అంతకంటే మేలు. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పని మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేశాడు. కూటికోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని అన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మతమార్పిడి మీద ఎవరి అభిప్రాయం వారిది. ఆ ఆపడంలోని నిజాయితీని మాత్రం మెచ్చుకోవాలి.

అయితే నాకు పట్టుకున్నది మరో ఘట్టం. మాదిగలను చేర్చుకుంటే తాము రామని అగ్రకులాలవారు అన్నారట. ఏంచెయ్యాలో తోచక దొర ఒక గదిలో, మొదటి భార్య హేరియట్ మరో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే వాక్యభాగం కనబడిందట. నిర్ణయం ఇద్దరిదీ. చరిత్రలో పేరు మాత్రం ఒక్కరిదే!

కెనడా మిషనులోనూ ఇదే వరస. టింపనీ దొర 1885లో కాకినాడలో కలరాతో పోయాడు. టింపనీ పేరుతో నేటికీ బళ్ళున్నాయి. పరాయి దేశంలో భర్తను పోగొట్టుకున్న ఆ ఇల్లాలు జేన్ పేరు మనలో ఎందరికి తెలుసు? పిల్లల్ని చదువులకని సముద్రాల అవతలికి పంపి, ఉత్తరాల కోసం నెలల తరబడి ఎదురుచూసిన తల్లుల దిగులు ఏ లెక్కలో వేస్తారు?

ఎమ్మా సామాన్యురాలు కాదు. డాక్టరేటు పొందిన విదుషి. స్త్రీల హక్కుల కోసం కలం పట్టిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద 1898లో పుస్తకం రాసింది. మరుసటి ఏడు, చెప్పులు కుట్టే మాదిగల బతుకుల మీద 'వైల్ సూయింగ్ శాండల్స్' తెచ్చింది. అందులో వాళ్ళను 'పరయా తెగ' అనడం పైనుంచి చూసే చూపే. అయినా ఎవరూ కాగితం మీద పెట్టని మనుషుల మాటలు ఓపిగ్గా విన్నది ఆవిడ. ఇంత కలం ఉన్న మనిషి భర్త కథ రాసేటప్పుడు 'నేను' అన్నది ఆయనకే వదిలేసింది. పుస్తకానికి ఉన్న లోటు అదే.

మిషనరీ సేవలో ఏం మిగిలిందంటే, గుడి మెట్టూ బడి గడపా ఎక్కనివ్వని ఇళ్ళ పిల్లల చేతికి వచ్చిన పలక అంటాను నేను. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు, ఆ దొరసానులు, ఇద్దరూ తమ కథలు తామే చెప్పుకుని ఉంటే మనకింకా మంచి పుస్తకాలు దొరికేవి. మరి మీరేమంటారు?